రెండో డికాక్షన్

14 అక్టోబర్ 2018, ఆదివారం

పొద్దున్న ముసురు. పదింటికి ఎండ వచ్చింది. పెరట్లో పడిపోయిన మునగచెట్టు కొమ్మలు నరికి గోడ పక్కన పేర్చాను. తుపాను వెళ్ళి మూడు రోజులైంది. నరసన్నపేట అంతా కరెంటు లేదు. గోడౌన్‌లో కింద వరస ఖాళీ గోతాలు తడిశాయి, మా షాపు సరుకంతా అవే. వరి కోతలు మొదలయ్యేలోగా అన్నీ ఆరబెట్టాలి.

మా ఆవిడ పద్మకుమారి శుక్రవారం ఆ కొమ్మల మీదే జారి పడింది. కుడి మణికట్టు విరిగింది. శ్రీకాకుళంలో కట్టు వేయించి నిన్న సాయంత్రం తీసుకొచ్చాను. ఆరు వారాలు ఆ చెయ్యి కదపకూడదన్నారు. పక్కింటి తాతమ్మ వంట తను పంపిస్తానంది. అంట్లకీ ఊడ్పుకీ కూర్మమ్మ ఎలాగూ వస్తుంది. నేను షాపుకి వెళ్ళాక తొమ్మిదికి వస్తుంది కాబట్టి నాకు పెద్దగా కనపడదు. మిగిలింది కాఫీ. అది నేను పెడతానన్నాను. పెళ్ళై ఇరవయ్యేడేళ్ళు. ఇంతవరకు నేను గ్యాస్ వెలిగించలేదు.

15 అక్టోబర్

కాఫీ బాగా లేదు.

16 అక్టోబర్

ఇవాళ కూడా. ఎలా ఉందని పద్మని అడిగాను. పాలు ఇరిగిపోనేదు కదా, సాల్లెండి అంది. ఎడం చేత్తో ఎత్తి గ్లాసు మొత్తం తాగింది. నేను సగం వదిలేశాను.

23 అక్టోబర్, మంగళవారం

ఎండ. గోతాలు రెండు వందలు మేడ మీద ఆరేశాను. కరెంటు వచ్చి మూడు రోజులైంది.

ఫోన్‌లో కాఫీ వీడియోలు చూస్తున్నాను. నేను చదువు ఏడో క్లాసుతో ఆపేశాను. పద్దులు రాయడం, ఇంగ్లీషు పేపరు చదవడం, స్కూటర్ విప్పి బిగించడం, అన్నీ ఎవరి పక్కనో నిలబడి చూసి నేర్చుకున్నవే. ఇది కూడా నేర్చుకోవచ్చు.

ఇంతవరకు తెలిసినవి. పొడి పాతదైతే ఏం చేసినా లాభం లేదు. మరుగుతున్న నీళ్ళు పోయకూడదు, దించి ఒక నిమిషం ఆగాలి. ఫిల్టరులో చిల్లుల బిళ్ళతో పొడిని గట్టిగా అదమకూడదు. చికోరీ రంగు కోసం, చిక్కదనం కోసం కలుపుతారు. మనం కొనే పొడిలో దాదాపు సగం అదే. ప్యాకెట్ మీద చిన్న అక్షరాల్లో ఉంది. ఇన్నేళ్ళూ చదవలేదు.

వైజాగ్ నుంచి అరకు గింజలు తెప్పిస్తున్నాను. వాటితో పాటు చేత్తో తిప్పే చిన్న మర ఒకటి.

29 అక్టోబర్

పొడి 22 గ్రాములు. నీళ్ళు 130 మి.లీ. డికాక్షన్ దిగడానికి 14 నిమిషాలు. పులుపు.

30 అక్టోబర్

పొడి 22. మర ఇంకొంచెం సన్నం. 19 నిమిషాలు. పులుపు తగ్గింది. చివర్న చేదు. పద్మ వంటింటి గుమ్మంలో నిలబడి చూసింది. మందుల షాపులా ఉన్నాది అంది. నవ్వుతూనే అంది.

4 నవంబర్, ఆదివారం

చల్లగా ఉంది. మేడ మీద గోతాలు దించి కట్టలు కట్టాను.

ఇవాళ కుదిరింది. పొడి 24, నీళ్ళు 130, 17 నిమిషాలు. పాలు ఒక్క పొంగు రాగానే దించాను. రెండు గ్లాసులు పోసి ఒకటి పద్మ ముందు పెట్టాను. ఇద్దరం వసారాలో కూర్చున్నాం. ఆమె ఒక గుక్క తాగి ఫిల్టర్లో పిప్పి ఏదండీ అని అడిగింది. ఇవాళ్టి నుంచి కరివేపాకు మొక్క మొదట్లో వేస్తున్నానన్నాను. ఎరువుకి మంచిదని ఫోన్‌లో చెప్పారు.

మరి నాకో అంది.

నీ గ్లాసు నీ ముందే ఉందన్నాను. ఇది మొదటి డికాక్షన్ కదండీ అంది. అయితే ఏమిటన్నాను. అప్పుడు చెప్పింది. మొదటిది మీకూ, ఇంటికొచ్చినోళ్ళకీ. ఆ పిప్పి మీదే మళ్ళీ నీళ్ళు పోసి దిగినది నేను తాగతాను. మాయమ్మా అంతే, మీయమ్మా అంతే. మీకు తెల్దేటి అంది.

తెలీదు.

ఒక గ్లాసు నాకిచ్చి తను లోపలికి వెళ్ళేది. లోపల తనది తాగుతుందనుకున్నాను. ఏం తాగుతోందో చూడలేదు. రెండోసారి నీళ్ళు పోస్తే దిగేది కాఫీ కాదు, చేదూ రంగూ మాత్రమే. ఈ నెలలో నేను నేర్చుకున్న పాఠాల్లో అదొకటి. ఇరవయ్యేడేళ్ళు ఆమె అది తాగింది. ఎన్ని పొద్దులో లెక్క వేయబోయి మానేశాను. మా అమ్మది కూడా కలపాల్సి వచ్చేది.

ఇక ఈ ఇంట్లో రెండోది ఉండదు, నువ్వు కూడా మొదటిదే తాగాలి అన్నాను. కొంచెం గొప్పగానే అన్నాను. అలాగేలెండి అంది.

11 నవంబర్

నాగులచవితి. తాతమ్మకి కూడా ఒక గ్లాసు పంపాను. బాగుందని కబురు చేసింది. నీ మొగుడు పెద్దోడైపోనాడే పద్మా అని గోడ మీంచి అరిచింది. డెబ్బై దాటినా గొంతు తగ్గలేదు.

18 నవంబర్, ఆదివారం

ఎండ. ఫిల్టరు చిల్లుల్లో ఇరుక్కున్న పొడి గుండుసూదితో తీశాను.

పద్మ తమ్ముడు చంద్రమౌళి అక్క చెయ్యి చూడడానికి బొబ్బిలి నుంచి వచ్చాడు. అక్కడ వాడికి బట్టల షాపు. నోరు ఆగని మనిషి. కాఫీ ఇచ్చాను. ఒక గుక్క తాగి గ్లాసు వైపు చూశాడు. బావా, గోతాలు అమ్మీసి ఓటలెట్టీ, గల్లా మీద నేను కూకుంటాను అన్నాడు. రెండో గ్లాసు అడిగి తాగాడు. ఒసే అక్కా, ఇన్నాళ్ళూ మాకు ఏటి పోసీదానివే అని ఆమెను ఆటపట్టించాడు. పద్మ కట్టు ఉన్న చెయ్యి ఎత్తి కొడతానన్నట్టు చూపించింది.

నేను మాట్లాడే మనిషిని కాదు. షాపులో కూడా సైజు, రేటు చెప్పి ఊరుకుంటాను. ఇవాళ మాత్రం మాట వచ్చింది. మౌళీ, మేం ఇరవయ్యేడేళ్ళు తాగింది కాఫీ కాదు, గోతాలు నానబెట్టిన నీళ్ళు అన్నాను.

మౌళి పొలమారేదాకా నవ్వాడు. నేను కూడా నవ్వాను. పద్మ నవ్వింది. గ్లాసులు ఎడం చేత్తో ఒకదానిలో ఒకటి పెట్టి లోపలికి తీసుకెళ్ళింది.

నా మాటకి జనం నవ్వి చాలా ఏళ్ళైంది. బాగుంది.

19 నవంబర్, సోమవారం

పద్మ గ్లాసు అలాగే ఉంది. మీగడ కట్టింది. కాఫీ మానేసినానండీ అంది. కార్తీకమాసం, అందులో సోమవారం. మా అమ్మ కూడా కార్తీకంలో ఏదో ఒకటి వదిలేసేది, ఒక ఏడు వంకాయ, ఒక ఏడు పెరుగు. అడగలేదు.

26 నవంబర్

శ్రీకాకుళం వెళ్ళి కట్టు విప్పించాం. చెయ్యి సన్నబడింది. ఒంటిపొద్దు కాబట్టి ఆమె దార్లో ఏమీ తినలేదు, తాగలేదు. నేనొక్కణ్ణీ బస్టాండులో కాఫీ తాగాను. పారబోయాల్సిన కాఫీ.

ఈ మాసం అయ్యేలోగా ఇంకా బాగా చెయ్యాలి. గేదెపాలు మార్చి చూస్తున్నాను. నీళ్ళు కూడా బోరువి కాకుండా క్యాన్‌వి.

5 డిసెంబర్

పొడి 25. నీళ్ళు 130. 18 నిమిషాలు. ఇంతకంటే నాకు చేతకాదు. పద్మకి చూపించాలి. ఇంకో మూడు రోజులు.

8 డిసెంబర్, శనివారం

పోలిపాడ్యమి. చలి. పద్మా తాతమ్మా తెల్లారకుండానే లేచి తులసికోట దగ్గర తొట్టెలో అరటిదొప్పల మీద దీపాలు వదిలారు. తొట్టె నింపి పెట్టింది నేనే.

వాళ్ళ పూజ అయ్యేసరికి కాఫీ సిద్ధంగా ఉంచాను. గ్లాసు పద్మ చేతికిచ్చి, మాసం అయిపోయింది కదా అన్నాను.

ఏ మాసవండీ అంది.

కార్తీకం అన్నాను. నా కాఫీకీ కార్తీకానికీ ఏటి సంబంధం అంది. కోపంగా లేదు. గ్లాసు తాతమ్మకిచ్చింది. తను వేణ్ణీళ్ళలో శొంఠి వేసుకుని తాగింది.

అంటే ఇరవై రోజులుగా నేను ఎదురు చూసింది దేనికో.

9 డిసెంబర్

ఒంట్లో బాగాలేదా అని అడిగాను. బాగానే ఉన్నాది అంది.

12 డిసెంబర్

గింజలు మార్చాను. ఇంకా తక్కువ వేయించిన రకం. పద్మ తాగలేదు.

17 డిసెంబర్, సోమవారం

ఇంకో తుపాను. కాకినాడ వైపట. మాకు గాలీ వానా. షాపు తెరవలేదు. పెరటి తూముకి అడ్డం పడ్డ ఆకులు తీశాను.

అందువల్ల తొమ్మిదింటికి ఇంట్లోనే ఉన్నాను. కూర్మమ్మ గోతం ముసుగేసుకుని వచ్చి వెనక గుమ్మం దగ్గర కూర్చుంది. ముప్పై ఏళ్ళుగా ఈ వీధిలో పని చేస్తోంది. పద్మ తాతమ్మకి టిఫిన్ ఇవ్వడానికి పక్కింటికి వెళ్ళింది. కూర్మమ్మకి కాఫీ ఇచ్చాను. ఆమె గ్లాసు పక్కన పెట్టి నా మొహం చూసింది.

మీ కాఫీ బాగానే ఉంటాది సావుకారూ, మీరే తాగండి అంది. ఎందుకన్నాను. అప్పుడు మొదలుపెట్టింది. తాతమ్మ గొంతుకి ఏమీ తీసిపోదు.

మీరు ఆ పిప్పి మొక్కలో పారబోత్తన్నారు కదా, అది ఎవులదనుకున్నారు అంది. మీరు షాపుకెల్లిపోయాక అమ్మ దాని మీద నీల్లు పోసీది. బెల్లం ముక్క, సిటికెడు శొంఠి ఏసీది. నేనూ, పక్కింటి ముసల్దీ, అమ్మా, ముగ్గురం ఈ మెట్ల మీదే కూకుని తాగీవోల్లం. అరగంట. ఒక్కోసారి గంట. ఊర్లో వోల్లందర్నీ కడిగీసీవోల్లం, మిమ్మల్ని కూడాను. అమ్మ ఎంత నవ్వీదో మీకేటి తెలుస్తాది అంది.

పద్మ నవ్వు నాకు తెలుసనే అనుకున్నాను.

నేను ఆవిడకి మొదటిదే ఇస్తున్నాను కదా అన్నాను. ఎవులడిగినారు మిమ్మల్ని అంది. రెండోది ఆవిడ తన్ని తాను తగ్గించుకుని తాగిందనుకున్నారేటి? ఆ పొద్దు ఆవిడిది. మీ పొద్దు అయిపోనాక ఆవిడి పొద్దు.

తర్వాత గొంతు తగ్గించింది. వోల్ల తమ్ముడి ముందర మీరన్న మాట నాతో సెప్పింది బాబూ. నా సేతి కాఫీ గోతాలు నానేసిన నీల్లంట కూర్మమ్మా అని నవ్వింది. నవ్వతానే సెప్పింది. ఆ మర్నాడు నుంచి ముట్టనేదు. నేనూ ముసల్దీ కూడా మానేసినాం. ఒక్కల్లమే తాగితే ఏటి బాగుంటాది అంది.

పద్మ తిరిగొచ్చింది. కూర్మమ్మ లేచి అంట్ల దగ్గరికి వెళ్ళింది. వాన పెరిగింది. నేను పేపరు పట్టుకుని కూర్చున్నాను. ఏం చదివానో గుర్తులేదు.

18 డిసెంబర్

ఇవాళ చెప్పాలనుకున్నాను. చెప్పలేదు.

19 డిసెంబర్

ఇవాళ కూడా.

22 డిసెంబర్, శనివారం

చలి ఎక్కువ. సైకిల్ గొలుసుకి నూనె వేశాను.

పొద్దున్న నా కాఫీ అయ్యాక పిప్పి పారేయలేదు. దాని మీద మరిగిన నీళ్ళు పోసి మూత పెట్టాను. పక్కన బెల్లం ముక్క, శొంఠి డబ్బా, మూడు గ్లాసులు పెట్టి షాపుకి వెళ్ళాను. రోజంతా మనసు తేలికగా ఉంది. ఒక బేరంలో మనిషి అడక్కుండానే రేటు తగ్గించాను.

సాయంత్రం వచ్చి చూస్తే ఫిల్టరు శుభ్రంగా కడిగి బోర్లించి ఉంది. బెల్లం డబ్బాలోకి వెళ్ళిపోయింది. మూడు గ్లాసులూ నేను పెట్టినట్టే, పొడిగా.

కొంతసేపటికి నాకు తట్టింది. పొద్దున్నే పోసి వదిలేస్తే తొమ్మిదికి చల్లారిపోతుంది. నీళ్ళు పోయాల్సింది నేను కాదు.

9 జనవరి 2019, బుధవారం

మంచు. కోతల తొందర తగ్గింది. గోడౌన్ ఖాళీ అయింది, ఊడ్పించాను.

అరకు గింజలు పక్కన పెట్టాను. మా పాత పొడి, చికోరీ కలిసినదే, బజార్లో కొని తెచ్చాను. పద్మ పెట్టేలాంటి కాఫీ పెట్టాలని చూశాను. మూడుసార్లు పెట్టాను. మొదటిది పలుచన, రెండోది మాడు వాసన, మూడోది ఎందుకో గానీ తాగలేకపోయాను. రుచి నాలిక మీద ఉంది. ఎలా వస్తుందో తెలియడం లేదు. కొంచెం చేదు, కొంచెం బెల్లపు వాసనలాంటిది, గ్లాసు అంచు దాకా వేడి.

పద్మని అడిగాను. ఎన్ని చెంచాలు వేసేదానివని. ఏటుంది అందులో, పొడేస్తాం, నీళ్ళు పోస్తాం అంది. కొలత చెప్పమన్నాను. నేనేటి కొలిసినానండీ అంది. తాటాకు చేటలో బియ్యం ఏరుతోంది. తల ఎత్తకుండానే అంది.

మీరు అన్నీ రాస్తారు కదా, రాసుకోనేదేటి?

10 జనవరి

పాత పుస్తకాలు దించాను. ఇరవయ్యేడు. పెళ్ళైన ఏడాది నుంచి ఒక్క ఏడాది వదల్లేదు. వాన పడిన రోజులున్నాయి. ఏ బండిలో ఎన్ని గోతాలు వచ్చాయో ఉంది. గేదె ఈనింది, బావి పూడిక తీయించాం, పైకప్పు పెంకులు మార్చాం, ఎవరు వచ్చారు, ఎవరు పోయారు. హుద్‌హుద్ తుపాను రోజుది నాలుగు పేజీలు.

కాఫీ లేదు. 'కాఫీ తాగి షాపుకి వెళ్ళాను' అని వందలసార్లు ఉంది. ఎలా ఉందో ఒక్కచోట లేదు. ఎవరు పెట్టారో కూడా లేదు.

27 జనవరి

చంద్రమౌళికి ఫోన్ చేశాను. వచ్చే ఆదివారం రమ్మన్నాను. ఏటి బావా ఇసేసం అన్నాడు. ఏమీ లేదు, రా అన్నాను. అన్న చోటే చెప్పాలి. ఎవరి ముందు అన్నానో వాళ్ళ ముందే చెప్పాలి. నాకు తోచింది అదే.

3 ఫిబ్రవరి, ఆదివారం

పొద్దున్న మంచు, తర్వాత ఎండ. వసారాలో బల్ల కాలు ఊగుతోంది, మేకు కొట్టాను.

మౌళి పదకొండింటికి వచ్చాడు. ఓటలు ఎప్పుడెడతన్నావు బావా అంటూనే వచ్చాడు. పద్మ కూడా వసారాలో ఉంది, ఉల్లిపాయలు ఒలుస్తోంది. నేను లేచి నిలబడ్డాను. ఎందుకు నిలబడ్డానో తెలీదు. మౌళీ, ఆ రోజు నీ ముందు మీ అక్క కాఫీని ఒక మాట అన్నాను, అది తప్పు మాట, నేను అనాల్సింది కాదు అన్నాను. ఇంకా చెప్పాలనుకున్నాను. అక్కడితో అయిపోయింది.

మౌళికి ఆ మాటే గుర్తులేదు. ఏ మాట బావా అన్నాడు. మళ్ళీ చెప్పాల్సి వచ్చింది. గోతాలు నానబెట్టిన నీళ్ళు అని, ఆమె ముందే, రెండోసారి. వాడు నవ్వబోయి అక్క మొహం చూసి ఆగిపోయాడు. బొబ్బిలిలో పెళ్ళిళ్ళ సీజన్ గురించి మొదలెట్టాడు.

ఇప్పుడెందుకండీ అయ్యన్నీ అని పద్మ లోపలికి వెళ్ళింది. కాసేపటికి మా ఇద్దరికీ టీ తెచ్చింది.

4 ఫిబ్రవరి

సాయంత్రం పద్మ తనే మాట తెచ్చింది. బట్టలు మడతపెడుతూ అంది. మీరు నిన్న అంత మాట సెప్పక్కర్నేదు. నాకు కోపం నేదు. మీ కాఫీ బాగుంటాది. నిజంగానే బాగుంటాది.

ఇంకో చొక్కా తీసి మడత పెట్టింది.

అందుకే తాగనేనండీ అంది.

ఆమె చొక్కాలు బీరువాలో పెట్టి దీపం పెట్టడానికి వెళ్ళింది. బాగా లేకపోయినా సరిపోయేది. మొదటి రోజు ఎలా పెట్టానో అలాగే పెడుతూ ఉంటే సరిపోయేది. ఆ రోజు ఆమె గ్లాసు మొత్తం తాగింది.

14 ఫిబ్రవరి, గురువారం

మంచు విడవలేదు. గోడౌన్ తలుపు కీచుమంటోంది, బందులకి నూనె వేశాను.

రశీదు పుస్తకం మరిచిపోయి తొమ్మిదిన్నరకి ఇంటికి వచ్చాను. తలుపు తాళం వేసి ఉంది. తాతమ్మ ఇంటి వంటింటి కిటికీ వీధిలోకే. అక్కడి నుంచి వాసన వచ్చింది. పాత పొడి. చికోరీ ఎక్కువ. బెల్లం. వీధిలోనే ఆగిపోయాను.

లోపల ముగ్గురూ ఉన్నారు. ఒసే పద్మా, ఇంకో అరగ్లాసు పొయ్యే, నువ్వెడితేనే గొంతు దిగతాది అంటోంది తాతమ్మ. ముసల్దానికి ముందు పొయ్యమ్మా, నేకపోతే నాది లాగేస్తాది అంటోంది కూర్మమ్మ. పద్మ ఏదో అంది. నాకు వినపడలేదు. ముగ్గురూ నవ్వారు. అందులో పద్మది ఏదో పోల్చుకోవడానికి నాకు కొంచెంసేపు పట్టింది.

ఆ ఇంట్లో పెడుతోంది. ఎన్నాళ్ళ నుంచో తెలీదు.

రశీదు పుస్తకం లేకుండానే షాపుకి వెళ్ళిపోయాను. సాయంత్రం వచ్చాక అడగలేదు. ఇక మీదట ఏం మరిచిపోయినా ఆ వేళకి ఇటు రాకూడదు. అరకు గింజలు ఒక పూటకి మిగిలాయి. ఫిల్టరు కడిగి బోర్లించాను.